కెమెరా కంటికి కుంకుమబొట్టు

నేను పనిచేసిన ల్యాబులో అందరికంటే సుకుమారి ఒక చిప్పు. చిటికెనవేలి గోరంత ఉండేది. దానికి గాలి పడదు, తేమ పడదు, ఎవరైనా దగ్గరగా ఊపిరి వదిలినా పడదు. చిన్న ఇనుప డబ్బాలో పెట్టి, ముందు అద్దం బిగించి, వెనక నుంచి సన్నటి గొట్టంతో నైట్రోజన్ వాయువు పంపిస్తూ దాన్ని కాపాడేదాన్ని. దానికి చేసిన సేవలో నాలుగోవంతు తనకు చేసినా చాలని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా దెప్పేది.

మా ల్యాబు కొండాపూర్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉండేది. కింద ఇస్త్రీ దుకాణం, దాని మీద కోచింగ్ సెంటరు, ఆపైన మేము. చుట్టూ అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు వేలమంది. వాళ్ళలో ఎవరైనా మీ ఆఫీసులో ఏం చేస్తారని అడిగితే, కెమెరాలకు కాటుక పెడతామని చెప్పేదాన్ని. నిజానికి అది అబద్ధమేమీ కాదు. మామూలు కెమెరా లోపల ఉండే కన్ను సిలికాన్‌తో చేసింది. మనకు కనిపించే వెలుగును చూస్తుంది, దాని అంచు దాటి ఇంకొంచెం చూస్తుంది, ఆ తర్వాత గుడ్డిదే. ఆ సిలికాన్ మీద మేం ఒక నల్లటి సిరాను పొరలా పూసేవాళ్ళం. ఆ సిరాలో కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలు ఉంటాయి. వాటినే క్వాంటం డాట్లంటారు. వాటి గొప్పతనమంతా సైజులోనే ఉంది. పదార్థం ఒకటే అయినా, స్ఫటికం చిన్నదైతే ఒక రంగు వెలుగును పట్టుకుంటుంది, కాస్త పెద్దదైతే ఇంకో రంగును. ఇంకా పెద్దదైతే మన కంటికి అందని పరారుణ కాంతిని కూడా పట్టేస్తుంది. ఆ కాంతికి పొగ ఒక లెక్క కాదు. పొగలోని నలుసులు మామూలు వెలుగును చెల్లాచెదురు చేస్తాయి కానీ దీన్ని పెద్దగా ఆపలేవు. అంటే మా చిప్పు పొగ అవతల ఉన్న మనిషిని చూడగలదు.

చూడగలదని లెక్కలు చెప్పాయి. నా చేతులు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. పూసిన పొర పగిలిపోయేది, లేదా అట్టలు కట్టేది, లేదా పొద్దున బాగుండి మధ్యాహ్నానికి చచ్చిపోయేది. ఎన్ని చిప్పులు పారేశానో చెబితే సిగ్గుచేటు. చివరికి ఒక్కటి బతికింది. ఆ ఒక్కదాని మీద నాకు పిచ్చి ప్రేమ. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

దానితో పాటు ల్యాబు బతకాలంటే బెంగుళూరు నుంచి రాబోయే ఒక పెద్దమనిషికి అది నచ్చాలి. మంటలార్పేవాళ్ళకు పరికరాలు తయారుచేసే కంపెనీ ఆయనది. పొగలో చూడగలదని ఆయనకు నమ్మకం కుదిరితే పని కొనసాగుతుంది, లేదంటే తాళం పడుతుంది. తాళం పడినా నాకు ఫర్వాలేదని, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఇప్పిస్తానని మా సారు హామీ ఇచ్చారు. ఆ హామీ విన్నప్పుడల్లా మాట మార్చేసేదాన్ని. వేరేవాళ్ళు కట్టిన బటన్లు నొక్కి పనిచేస్తున్నాయో లేదో చూస్తూ బతకడం నా వల్ల కాదు.

మా సారు గోదావరి జిల్లా మనిషి. పెద్ద చదువు చదివి, బయటి దేశంలో కొన్నాళ్ళు ఉండి వచ్చి ఈ ల్యాబు పెట్టారు. అందరినీ అండీ అనేవారు. ఒక్కోసారి మొరాయించిన మిషన్‌ను కూడా "ఏమైందండీ మీకు?" అని అడిగేవారు. ల్యాబులో సగం మంది కోస్తావాళ్ళు, సగం మంది మా తెలంగాణ వాళ్ళు. ఉద్యమం రగులుతున్న రోజులు కాబట్టి ఆయన ఒక నియమం పెట్టారు.

"గడప లోపల సిలికాన్ గురించి మాట్లాడుకుందామండి. రాష్ట్రం గురించి గడప బయట మాట్లాడుకుందాం."

బయట మాట్లాడుకోవడానికి మాకు తీరికెక్కడిది? అందుకని అసలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. నాకు అభిప్రాయం లేక కాదు. కాలేజీలో నేను నా యాసలో నోరు తెరిస్తే వెనక బెంచీలో కిసుక్కుమన్న నవ్వులు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ నవ్వులకు భయపడే ఆఫీసులో "వస్తున్నానండి" అనడం నేర్చుకున్నాను. ఇంటికి పోయి "వస్తున్న" అనేదాన్ని. రెండు నాలుకలతో బతకడం ఎంత విసుగో బతికినవాళ్ళకే తెలుసు.

ఇంట్లో ఆ విసుగును ఇంకా పెంచడానికి మా మేనమామ దిగాడు. కరీంనగర్ వైపు ప్రభుత్వ బస్సులో కండక్టరు. సకల జనుల సమ్మె మొదలై బస్సులన్నీ నిలిచిపోతాయని తెలిసి, ఆఖరి బస్సు పట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. ఊళ్ళో సమ్మె చేస్తే ఎవరు చూస్తారు, అద్దాల మేడల ముందు చేస్తే లోకం చూస్తుందని ఆయన వాదన. వచ్చిన వారంలోనే మా ల్యాబుకు దగ్గర్లోని చౌరస్తాలో వేసిన సమ్మె టెంటుకు పెద్దదిక్కు అయిపోయాడు. బస్సులో అరిచి అరిచి రాటుదేలిన గొంతు, నల్లగా నిగనిగలాడే కోరమీసం. ఆ నలుపు ఎక్కడిదో మా బాత్రూములోని సబ్బుపెట్టె మీద మరకలకు తెలుసు. మీసానికి రంగేసే రోజు లోపలికి పోతే ఆయన ఓ పట్టాన బయటికి వచ్చేవాడు కాదు.

"రాష్ట్రమంత రోడ్డు మీదికొచ్చింది. నువ్వేమో బెల్లం కొట్టిన రాయి లెక్క మూడో అంతస్తుల కూసుంటవ్," అనేవాడు అన్నం కలుపుకుంటూ. "ఒక్కసారి టెంటుకాడికి వస్తవా? ఒక్కసారి వచ్చి జై అంటె నీ నోరు నొస్తదా?"

"నాకు పనుంది మామా."

"ఏం పని? కెమెరాకు కాటుక పెట్టుడా?"

ఒళ్ళు మండి, ఒకరోజు కూర్చోబెట్టి స్ఫటికాల సంగతంతా చెప్పాను. బూందీ ఉదాహరణ కూడా ఇచ్చాను. పిండి ఒకటే, నూనె ఒకటే, కానీ జల్లెడ కన్నం మారితే బూందీ వేరు అవుతుంది కదా, అలాగే అన్నాను. మామ శ్రద్ధగా విని, మర్నాడు టెంటులో అందరికీ తన మేనకోడలు బూందీ కెమెరా చేస్తోందని ప్రకటించాడు. అప్పటి నుంచి నేను ఆ దారిన పోతుంటే ఎవరో ఒకరు, "బూంది ఎప్పుడైతది చెల్లె?" అని పలకరించేవాళ్ళు.

ఇంతలో అసలు గండం వచ్చింది. చిప్పుకు ఊపిరి పోసే నైట్రోజన్ సిలిండర్ అడుగంటింది. కొత్త సిలిండర్ తెచ్చే వ్యాన్‌ను చౌరస్తాలో సమ్మెవాళ్ళు ఆపేశారు. డ్రైవర్ ఫోన్ చేసి, నేను రాకపోతే వెనక్కి తిప్పుకుపోతానన్నాడు. పరుగున వెళ్ళాను. వ్యాన్ చుట్టూ గుంపు మూగింది. ఇందులో ఏముందని ఒకాయన అడిగాడు. నిజం చెప్పడం మంచిదనుకున్నాను.

"నైట్రోజన్. మన చుట్టూ ఉన్న గాలిలో ఎక్కువ భాగం ఇదే."

"అంటే గాలేనా?"

"గాలే. కానీ గాలి తగలకుండా ఉండడానికి."

ఆయన నన్నూ సిలిండర్‌నూ మార్చి మార్చి చూశాడు. "గాలి తగలకుండ ఉండెతందుకు గాలి కొనుక్కుంటున్నరా? మీ కంపినీల సంగతి తెలుస్తలేదు తల్లీ. లారీలళ్ల ఉల్లిగడ్డలే ఆగినయ్, గాలిని పంపుమంటవా?"

నాకు సర్రున కోపం వచ్చింది. ఆక్సిజన్ గురించి, తేమ గురించి, స్ఫటికాల పైపొర తుప్పుపట్టడం గురించి గడగడా చెప్పేశాను. ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. చివరికి టెంటులోంచి మామ లేచి వచ్చాడు.

"జర జరుగుండ్రి. దవాఖానల పేషెంటుకు సిలిండర్ పెడతరా లేదా? గిది గంతే. మా బిడ్డ కెమెరా ఐసీయూల ఉన్నది."

అంతే, దారి వదిలారు. వదిలేముందు వ్యాన్ అద్దానికి స్టిక్కరు అతికించి, సిలిండర్ మెడకు ఒక గులాబీ కండువా కట్టారు. నేను విప్పబోతే మామ గుడ్లురిమాడు. సిలిండర్ ఆ అలంకారంతోనే మా ల్యాబు గడప దాటింది. సారు దాన్ని పైనుంచి కిందిదాకా చూశారు. ఆయన మెల్లగా కండువా విప్పి, నాలుగు మడతలు పెట్టి, తన బల్ల సొరుగులో దాచారు.

"ఎవరి జెండా అయినా కింద పడేయకూడదమ్మా," అన్నారు. తర్వాత సిలికాన్ గురించి మాట్లాడారు.

తర్వాత దసరా వచ్చింది. నేను పండక్కి ఇంట్లోనే ఉండి, జమ్మి ఆకు పట్టుకుని వచ్చినవాళ్ళకు టీలు పెడుతూ మామ ఉపన్యాసాలు విన్నాను. సారు మాత్రం ఆయుధపూజ మానేవారు కాదు. పంచె కట్టుకుని ల్యాబుకు వెళ్ళి, ఇంకో ఇద్దరితో కలిసి పూజ చేశారు. పంపుకూ, తూకం మిషన్‌కూ, సిలిండర్‌కూ, ఫ్రిజ్‌కూ గంధం, కుంకుమ పెట్టారు. ఆయన ఎంత పద్ధతిగల మనిషంటే బొట్టు ఎక్కడ పెట్టాలో అక్కడే పెడతారు. ప్రతిదానికీ నుదురు ఎక్కడుందో ముందు ఆలోచిస్తారు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు.

పెద్దమనిషి రావాల్సిన రోజు పొద్దున్నే వెళ్ళి అన్నీ సర్దుకున్నాను. మా ప్రదర్శన సీదాసాదాది. అద్దాల పెట్టెలో ఒక కొయ్యబొమ్మ పెట్టి, అగరొత్తుల పొగతో నింపుతాం. ఎదురుగా రెండు కెమెరాలు, ఒకటి బజారులో దొరికే మామూలుది, రెండోది మాది. మామూలు దాని తెర మీద పొగ కనబడుతుంది, మా దాని తెర మీద బొమ్మ కనబడుతుంది. దీనికోసం అగరొత్తులు కట్టలు కట్టలుగా తెప్పించి అలమారలో పెట్టాను. అలమార తెరిస్తే ఖాళీ పెట్టెలున్నాయి.

"సార్, అగరొత్తులేవి?"

సారు ముఖం చూస్తేనే అర్థమైంది. "దసరా కదమ్మా, మిషన్లన్నిటికీ వెలిగించాను. దేవుడి దగ్గర లెక్క చూసుకుంటామా?"

"పొగకు ఏం చేద్దాం మరి?"

"దుకాణాలన్నీ మూసేశారు కదండీ," అన్నారు సమస్య నాదే అయినట్టు. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. కింద రోడ్డు మీద సందడిగా ఉంది. ఆ రోజు సరిగ్గా మా భవనం ముందే వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తినడమన్నమాట. ఆ ఉద్యమంలో అదొక పద్ధతి. పెద్ద గుండిగల దగ్గర మామ పంచె ఎగగట్టి, గంటె భుజాన పెట్టుకుని అందరికీ హుకుం జారీ చేస్తున్నాడు.

పెద్దమనిషి నడుచుకుంటూ వచ్చాడు. కారును ఎక్కడో ఆపేశారట. బూట్ల నిండా దుమ్ము, ముఖం నిండా చిరాకు. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే కాబట్టి ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. నీళ్ళు తాగి, తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు. హోటళ్ళు మూశారు. సారు కంగారుగా లేచి, "ఇప్పుడే తెస్తానండి," అని ల్యాబు కోటు కూడా విప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళీ వెళ్ళగానే కరెంటు పోయింది. బొగ్గు గనులూ సమ్మెలో ఉన్నాయి కాబట్టి ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇన్వర్టర్ మీద రెండు కెమెరాలూ రెండు తెరలూ మాత్రం బతికాయి. ఫ్యాన్ ఆగింది. పొగలేని అద్దాల పెట్టెలో కొయ్యబొమ్మ నా వైపు చూస్తూ కూర్చుంది.

"మొదలుపెట్టండి," అన్నాడు ఆయన.

ఇన్నాళ్ళ పని ఒక కట్ట అగరొత్తులు లేక ఆగిపోతుందా అని ఏడుపొచ్చింది. అప్పుడే దగ్గొచ్చింది. కిటికీలోంచి పొగ లోపలికి వస్తోంది. ముందురోజు వానకు కట్టెలు తడిసినట్టున్నాయి, కింద పొయ్యిలు మండకుండా పొగ కక్కుతున్నాయి. చూస్తుండగానే రోడ్డు కనిపించకుండా పోయింది. నేను బల్లను కిటికీ వైపు తిప్పి, వెనక నుంచే చేతులు చాచి రెండు కెమెరాల మూతలూ తీశాను.

మామూలు కెమెరా తెర మీద తెల్లటి పొగ. నడిమధ్యలో ఒక ఎర్రటి మచ్చ కూడా. ఇది ఇవాళే చెడిపోవాలా అని తిట్టుకున్నాను. రెండో తెర మీద మాత్రం రోడ్డు ఉంది. నలుపు తెలుపుల్లో, స్పష్టంగా. పొయ్యిలు, గుండిగలు, విస్తళ్ళతో నిలబడ్డ జనం, మా మామ. చెట్ల ఆకులు తెల్లగా మెరుస్తున్నాయి. గులాబీ జెండాలు తెల్లగా ఉన్నాయి. పక్కనున్న ఎర్ర జెండాలూ తెల్లగానే ఉన్నాయి. బట్టకు వేసిన రంగులు ఈ కాంతికి కనిపించవు. అందరి జుట్టూ అంతే. నల్లజుట్టుకు నలుపునిచ్చే పదార్థం ఈ కాంతిని ఆపలేదు. అందువల్ల పడుచువాళ్ళు కూడా తలలు నెరిసి ఉన్నారు. మామ కోరమీసమైతే వెన్న పూసినట్టుంది. పొగలోంచి ఆ మీసాన్ని చూడగానే తెరకు ఇంకా దగ్గరగా జరిగాను. అంతకుముందు ఈ చిప్పు నాకు కొయ్యబొమ్మలనే చూపించింది, మనుషుల్ని చూపించడం అదే మొదలు.

పెద్దమనిషి ఒక తెర చూశాడు, రెండోది చూశాడు. లేచి కెమెరాల ముందుకు వెళ్ళి వంగి చూశాడు. నన్ను రమ్మని సైగ చేశాడు.

రెండు కెమెరాల లెన్సుల మీదా, నట్టనడుమ, గుండ్రంగా, గంధమూ దాని మీద కుంకుమా. కెమెరాకు నుదురు ఎక్కడుందో సారు ఆలోచించి ఉంటారు. దొరకలేదు. మూత తీసి కంటికే పెట్టేశారు.

"ఇదేమిటి?" అన్నాడు.

"పూజ చేశారు," అన్నాను.

"మామూలు కెమెరాకు ఈ మచ్చ కనిపిస్తోంది. మీ దానికీ ఇదే మచ్చ ఉంది. మరి మీ దానికి ఎందుకు కనిపించడం లేదు?"

చెప్పాను. కుంకుమ ఎరుపు మన కంటికే ఎరుపు, పరారుణానికి పలచటి గంధమూ కుంకుమా దాదాపు అద్దంలాంటివే, లెన్సుకు మరీ దగ్గరగా ఉండడం వల్ల మిగిలిన కాస్త నీడ కూడా చెదిరిపోతుంది అన్నాను. ఆయన మర్యాదగా తల ఊపాడు. ఆ మర్యాద చూసి నాకు భయమేసింది. నేను ఇంతకుముందెప్పుడో తీసిపెట్టుకున్న వీడియో వేస్తున్నానని ఆయన అనుమానం. అమ్మడానికి వచ్చినవాళ్ళు అలా చేయడం ఆయన చాలాసార్లు చూశాడట. కళ్ళకు గంతలు కట్టిన కెమెరా పొగలోంచి చూస్తోందంటే తాను బెంగుళూరు వెళ్ళి ఎవరికీ చెప్పలేనన్నాడు.

నేను ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను. "ఏం చేస్తే నమ్ముతారు?"

"కింద ఉన్నవాళ్ళను చేతులెత్తమనండి. ఇప్పుడే. తెర మీద చేతులు లేస్తే నమ్ముతాను."

మామకు ఫోన్ చేశాను. తెర మీద మామ పప్పు కలుపుతూనే ఉన్నాడు. కింద డప్పులు, పాటలు. జేబులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగిపోయింది. సారుకు చేశాను. ఆయన ఫోన్ మా బల్ల మీదే మోగింది. పెద్దమనిషి గడియారం చూసుకుని బ్యాగు అందుకున్నాడు.

కిటికీలోంచి తల బయటపెట్టి, "చేతులెత్తండి," అని అరిచాను. నా అండీ గింటీ డప్పుల్లో కలిసిపోయింది. ఒక్కరూ తల తిప్పలేదు. కింద ఉన్న అంతమందీ ఒకేసారి వినేది, వినగానే చేతులెత్తేది ఒక్క మాటకే. అది నాకు తెలుసు. పక్క గదిలో కోస్తా సహోద్యోగులున్నారు. ఎదురుగా కొనడానికి వచ్చిన మనిషి ఉన్నాడు. సారు పెట్టిన నియమం ఉంది. కాలేజీ వెనక బెంచీ ఉంది. నేను గుండెల నిండా పొగ పీల్చుకుని, పుట్టినప్పటి గొంతుతో అరిచాను.

"జై తెలంగాణ!"

డప్పు ఒక్క క్షణం ఆగింది. ఆ వెంటనే రోడ్డు రోడ్డంతా ఆ మాటే తిరిగి పలికింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి తెర నిండా చేతులు. విస్తళ్ళు పట్టుకున్న చేతులు, పిడికిళ్ళు, కర్రలు, మామ చేతిలో పప్పు కారుతున్న గంటె. అన్ని ముఖాలూ పైకి, మా కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. పక్క తెర మీద పొగా, కుంకుమా తప్ప ఏమీ లేవు.

పెద్దమనిషి బ్యాగు కింద పెట్టాడు. తెరకు దగ్గరగా వచ్చి వేలు పెట్టి చూపించాడు. "ఈయన మీ డైరెక్టర్ కదా?"

చూశాను. వరుస మధ్యలో, మోకాళ్ళదాకా వేలాడే ల్యాబు కోటుతో, ఒక చేతిలో విస్తరి, రెండో చెయ్యి ఆకాశానికి ఎత్తి, తల పూర్తిగా నెరిసిన మా సారు. ఆ కోటే లేకపోతే అన్ని తెల్లతలల్లో ఆయన్ని నేను కూడా పోల్చుకోలేకపోయేదాన్ని.

కాసేపటికి ఆయన విస్తట్లో పప్పన్నం, పక్కన మామిడికాయ తొక్కు పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. గదిలో అందరం తననే చూస్తున్నామని గ్రహించి ఆగిపోయారు.

"ఏమైందండీ?"

నేను అప్పటికే నిలిపి దాచిన చిత్రాన్ని తెర మీద చూపించాను. ఆయన దగ్గరికి వెళ్ళి తనను తాను చూసుకున్నారు. పొగలోంచి తన ముఖం కనబడుతున్నందుకు సంతోషించాలో, ఎత్తిన చెయ్యి కనబడుతున్నందుకు కంగారుపడాలో ఆయనకు తెలియలేదు.

"అది పప్పు చాలన్నానమ్మా," అన్నారు చివరికి. "మీ మామయ్యగారు వేస్తూనే ఉన్నారు."

పెద్దమనిషి నేల మీద చాపేసుకుని ఆ విస్తట్లో అన్నం తిన్నాడు. అడుగంటిన వాసన వచ్చినా మెతుకు మిగల్చలేదు. తిని చెయ్యి కడుక్కుని వచ్చి, నేను తడిగుడ్డతో లెన్సు తుడవబోతుంటే ఆపాడు. తనతో పనిచేసేవాళ్ళు ఇంకొందరు వస్తారనీ, వాళ్ళకు కూడా ఇలాగే బొట్టుతోనే చూపించమనీ చెప్పాడు. ల్యాబుకు తాళం పడదని నాకు అప్పుడు అర్థమైంది. నీళ్ళగదిలోకి పోయి కుళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా ఏడ్చాను.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయింది. ఎవరొచ్చినా ముందు సారు రెండు లెన్సులకూ శ్రద్ధగా బొట్టు పెట్టేవారు. ఆ తర్వాతే ప్రదర్శన. ఒకసారి బయటి దేశం వాళ్ళు వచ్చి, ఈ ఎర్రపొడికి శాస్త్రీయ నామం ఏమిటని అడిగితే ఆయన రాసిచ్చారు కూడా. నియమం మాత్రం కాస్త మారింది. "గడప లోపల సిలికానేనండి," అనేవారు, "కిటికీ సంగతి మీ ఇష్టం."

ఆ మొదటి ప్రదర్శన రోజు సాయంత్రం ఇంటికి వెళ్తే మామ కుర్చీలో కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. కిటికీలోంచి అరిచింది నేనేనని ఆయనకు తెలుసు.

"నీ మొత్తుకోలుకు నేను పైకి చూసిన. పప్పు మాడింది," అన్నాడు అంతే. అన్నం పెట్టమని కంచం ముందేసుకున్నాడు.

చేతులెత్తిన ఆ చిత్రాన్ని పెద్దది చేయించి తర్వాత ఆయనకిచ్చాను. చూసి ముఖం మాడ్చాడు. "గిదేంది, నన్ను ముసలోన్ని చేసినవ్? గింత కొట్లాడితె గిట్లనా చూపెట్టేది?" అని చుట్టచుట్టి అటక మీద పడేశాడు. మీ బూందీ కెమెరా కచ్చితంగా చెడిపోయిందని తేల్చాడు.

తెలంగాణ వచ్చింది. మా ల్యాబు తెల్లాపూర్ వైపు పెద్ద జాగాలోకి మారింది. సారు ఎక్కడికీ పోలేదు, సొరుగులోని కండువాను కూడా వెంట తెచ్చుకున్నారు. ఆ మొదటి చిప్పు మాత్రం మరుసటి వానాకాలంలో ఎంత కాపాడినా దక్కలేదు. దాని తర్వాత చేసినవి చాలాకాలం బతికే రకాలు. అయినా నాకు ప్రేమ దాని మీదే.

మొన్న మామ ఇంటికి వెళ్ళాను. ఉద్యోగం అయిపోయింది, మీసానికి రంగు మానేశాడు. ముందుగదిలో గోడ మీద ఆ చిత్రం, అద్దం కట్టించి ఉంది. అటక మీది నుంచి ఎప్పుడు దింపినవ్ మామా అంటే, దానికి ముందుగాలనే తెలిసినట్టున్నది బిడ్డా అని తెల్లటి మీసం తడుముకున్నాడు. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ, వీడు ఫలానా, ఈయన పోయిండు, గీ కోటాయన మీ సారు అని చెప్పుకుంటూ పోయాడు. చివరికి వేలు ఆగింది.

"గిందుల నువ్వొక్కదానివే లేవు," అన్నాడు.

"నేను కెమెరా వెనక ఉన్న మామా."

"నాకెర్కే. అందరు చూసేది నీ దిక్కే గద," అని, వంటింట్లోకి తిరిగి మా అత్తకు టీ పెట్టమని చెప్పాడు.